ఒకే పేరు, రెండు ఫైళ్ళు

ఆఫీసులో ఆమెను అందరూ చాదస్తం అనేవాళ్ళు. మొహం మీద అనలేదు గాని, ఆమెకు తెలియకుండానూ అనలేదు. రాసిన ప్రోగ్రామును మూడుసార్లు పరీక్షించి, నాలుగోసారి మళ్ళీ మొదటినుంచి చదివే మనిషికి ఇంకేం పేరు పెడతారు? ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో తన చేతిమీదుగా ఒక్క తప్పు కూడా గడప దాటలేదని ఆమెకు లోలోపల గట్టి ధీమా ఉండేది. ఆ ధీమా చూసే మేనేజరు ఆసుపత్రి పని ఆమెకు అప్పగించాడు.

ఆసుపత్రి నేలమాళిగలో కాన్సరు రోగులకు రేడియేషన్ ఇచ్చే యంత్రం ఉంది. యంత్రం రాయిలా ఉంది. దాన్ని నడిపే కంప్యూటరే ముసలిది. దాని ఆపరేటింగ్ సిస్టం ముప్పై ఏళ్ళ నాటిది. ఎనిమిది అక్షరాలకంటే పొడవైన ఫైలు పేరు దానికి తలకెక్కదు. పెద్ద డిస్కు తెచ్చి తగిలిస్తే అసలు ఉన్నట్టే గుర్తించదు. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఉన్న ఒక్క డిస్కూ రోగుల ఫైళ్ళతో మెడదాకా నిండిపోయి, నెల రోజులుగా టకటకమని చప్పుడు చేస్తోంది. డిస్కు నోరు విప్పిందంటే రోజులు దగ్గరపడ్డట్టే. కొత్త యంత్రం రావడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. చుట్టుపక్కల ఇంకెక్కడా ఇలాంటిది లేదు.

చేయాల్సింది ఒకటే. ఫైళ్ళన్నీ పై అంతస్తులోని కొత్త సర్వరులో ఉండాలి. పాత కంప్యూటరు మాత్రం అవి తన పక్కనున్న మామూలు డిస్కులోనే ఉన్నాయని నమ్మాలి. అలా నమ్మించడానికి ఒక డ్రైవరు రాయాలి. ఆ పాత సిస్టంకు డ్రైవరు రాయగలవాళ్ళు ఊళ్ళో ఇద్దరే మిగిలారు. రెండో ఆయనకు చూపు మందగించింది.

"ఆసుపత్రికి డ్రైవరు కావాలంటే నిన్ను పిలవడమేమిటే? నీకు సైకిలే రాదు కదా!" అంది అత్తగారు.

"బండి డ్రైవరు కాదత్తయ్యా. కంప్యూటరు లోపల ఉండే చిన్న ప్రోగ్రాము. పాతదానికి కొత్త చోటు చూపిస్తుంది."

అత్తగారు ముప్పై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మనిషి. కళ్ళజోడు పైకి తోసుకుని, "అంటే పాత కోటుకు కొత్త జేబు కుడుతున్నావన్నమాట. కుట్టడం ఎంతసేపు? చిల్లి పడకుండా చూసుకో" అని తేల్చేసింది.

యంత్రం బాగోగులు చూసే ఫిజిసిస్టు అంత తేలిగ్గా తేల్చలేదు. యాభై దాటిన మనిషి, సన్నగా, నవ్వు కాస్త అరుదు. మొదటిరోజే ఆమెను రెండు మీటర్ల మందం గోడల గదిలోకి తీసుకెళ్ళి, రోగి పడుకునే బల్లనూ దాని చుట్టూ తిరిగే పెద్ద ఇనుప చేతినీ చూపించాడు.

"ఒక్కో రోగికీ ఒక్కో ప్లాను ఫైలు ఉంటుందమ్మా. చేయి ఏ కోణంలో ఆగాలి, ఎన్ని సెకన్లు, ఎంత వెడల్పు, అన్నీ అందులోనే. మందు తప్పు ఇస్తే విరుగుడుంటుంది. ఇది ఒకసారి ఒంట్లోకి పోయిందంటే బయటికి తీయలేం. అది గుర్తుపెట్టుకుని రాయండి."

"గుర్తుంటుంది సార్" అందామె. గుర్తుపెట్టుకునే రాసింది.

పాత సిస్టంలో ఫైలు తెరవాలన్నా, చదవాలన్నా, మూయాలన్నా అడిగే దారి ఒకటే. ఆ దారి మధ్యలో ఆమె డ్రైవరును కూర్చోబెట్టింది. పాత డిస్కు గురించి అడిగితే అది పక్కకు తప్పుకుంటుంది. కొత్త డిస్కు గురించి అడిగితే ఆ ప్రశ్నను పట్టుకుని సర్వరుకు చేరవేసి, జవాబు తెచ్చి, అచ్చం డిస్కు చెప్పినట్టే చెబుతుంది. ఇదంతా ఇరవై కిలోబైట్ల చోటులో ఇమడాలి. అంతకంటే ఒక్క చుక్క ఎక్కువైనా యంత్రాన్ని నడిపే ప్రోగ్రాముకు చోటు చాలదు. ఆమె ఒక్కో బైటూ పొదుపు చేస్తూ, రాసింది చెరిపేస్తూ ఏడు వారాలు గడిపింది.

చిక్కంతా పేర్ల దగ్గర వచ్చింది. సర్వరులో ప్రతి ఫైలుకూ రోగి పూర్తి పేరు, ఆసుపత్రి నంబరు ఉంటాయి. పాత సిస్టంకు ఎనిమిది అక్షరాలే కావాలి. అందుకని డ్రైవరు పేరులో మొదటి ఆరు అక్షరాలు తీసుకుని, వెనక ఒక గీత, ఒక అంకె తగిలిస్తుంది. అవే ఆరు అక్షరాలతో ఇంకొకరు వస్తే రెండో అంకె. ఏ పొట్టి పేరు ఎవరిదో ఒక పట్టికలో రాసుకుంటుంది. ఆ పట్టికకు ముప్పై రెండు వరుసలే మిగిలాయి. ముప్పై మూడో పేరు వస్తే అన్నిటికంటే పాత పేరును చెరిపి ఆ చోటు వాడుకునేలా రాసింది. ఎలాగూ రోజుకు ముప్పై మందికి మించరు. ఫిజిసిస్టు ఇచ్చిన ముప్పై నమూనా ఫైళ్ళతో మూడు వారాలు పరీక్షించింది. ఒక్క తప్పు రాలేదు.

సోమవారం పొద్దున డ్రైవరు పని మొదలుపెట్టింది. పాత డిస్కును ఊడదీసి, తెల్లగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టారు. ఆనాటి జాబితాలో ముప్పై ఒక్క మంది. యంత్రం నడిపే టెక్నీషియన్ చలాకీ పిల్ల, ఇరవై ఏడు ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. మధ్యాహ్నానికల్లా, "మేడం, ఫైలు తెరవడానికి ఇదివరకు నిమిషం పట్టేది. ఇప్పుడు రెప్ప వేసేలోపు వచ్చేస్తోంది!" అని మురిసిపోయింది. పన్నెండున్నరకు వార్డు నుంచి అత్యవసరంగా మరో ముగ్గుర్ని జాబితాలో చేర్చారు. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఆమె కూడా.

మూడుంబావుకు బల్లమీద ఒక తోటమాలి ఉన్నాడు. గొంతులో కాన్సరు. తల కదలకుండా మొహానికి వల లాంటి తొడుగు వేసి బల్లకు బిగించారు. నోరు తెరవడానికి వీలు లేదు. టెక్నీషియన్ తలుపు వేసి వచ్చి, తెరమీద ఆయన పేరు ఎంచుకుంది. లోపల ఇనుప చేయి తిరగడం మొదలైంది.

పక్క కుర్చీలో ఆమె తన లాప్‌టాప్‌లో డ్రైవరు చిట్టా చూస్తోంది. ఏ ఫైలు ఎప్పుడు తెరిచారో, ఎంత పెద్దదో అందులో వరుసగా పడుతోంది. కళ్ళు ఒక వరుస దాటి ముందుకెళ్ళి, ఎవరో పట్టిలాగినట్టు వెనక్కి వచ్చాయి. ఈ పొట్టి పేరు ఇంతకు ముందే చూసింది. పైకి వెతికింది. ఒంటిగంట నలభైకి ఇదే పేరు, ఇరవై మూడు వేల బైట్లు. అప్పుడు బల్లమీద ఉన్నది వేరే మనిషి. ఇప్పుడూ ఇరవై మూడు వేలే. పొద్దున జాబితా చదివినప్పుడు మాత్రం ఇదే పేరుకు పద్దెనిమిది వేలు.

లాప్‌టాప్ నుంచి తలెత్తింది.

"ఆపండి."

"ఏంటి మేడం?" టెక్నీషియన్ వేలు అప్పటికే కిరణం వదిలే మీటమీద ఉంది.

"ఆపు! అది ఆయన ఫైలు కాదు."

"తెరమీద ఆయన పేరే ఉంది కదా..."

నిజమే, ఆయన పేరే ఉంది. ఒక్క క్షణం ఆమె తనను తాను నమ్మలేకపోయింది. ఊరికే ఆపితే నవ్వులపాలు. ఆపకపోతే? కుర్చీ వెనక్కి పడిపోయేలా లేచి, టెక్నీషియన్ భుజం మీదుగా వంగి గోడమీది ఎర్ర బొత్తాన్ని అరచేత్తో కొట్టింది.

గంట మోగింది. ఇనుప చేయి సగంలో ఆగింది. కిరణం ఇంకా మొదలు కాలేదు. కెమెరాలో తోటమాలి వేళ్ళు బల్ల అంచుల్ని గట్టిగా పట్టుకోవడం కనిపించింది. ఆ బరువైన తలుపు తెరుచుకోవడానికి నలభై సెకన్లు పడుతుంది. ఆ నలభై సెకన్లూ టెక్నీషియన్ మైకులో, "ఏం లేదు బాబాయ్, వచ్చేస్తున్నాం, ఏం లేదు" అంటూనే ఉంది.

ఫిజిసిస్టు పరుగున వచ్చాడు. యంత్రంలోకి ఎక్కిన అంకెలు చదివాడు. మరోసారి చదివాడు.

"ఇది నడుము ప్లాను. మధ్యాహ్నం వచ్చినాయనది."

ఆమెకు అప్పటికే బోధపడింది. వార్డు ముగ్గుర్ని పంపడంతో పట్టిక నిండి, అన్నిటికంటే పాత పేరు చెరిగిపోయింది. ఆ పేరు తోటమాలిది. కొత్తగా వచ్చినాయన పేరులోనూ మొదటి ఆరు అక్షరాలు అవే. ఖాళీ అయిన అంకె ఆయనకు దక్కింది. తోటమాలి వంతు వచ్చేసరికి యంత్రం పొద్దున రాసుకున్న పొట్టి పేరుతోనే అడిగింది. డ్రైవరు తడుముకోకుండా పరాయి మనిషి ఫైలు చేతిలో పెట్టింది. తెరమీది పేరు పొద్దుటి జాబితాలోంచి వచ్చింది గనుక అది మాత్రం సరిగ్గానే ఉంది.

"తప్పు నాదే సార్" అందామె.

"అది తర్వాత." ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. "ఈయనకి ముందు ఎంతమందికి ఇలా జరిగింది? అది చెప్పండి."

పట్టిక నిండాక బల్ల ఎక్కినవాళ్ళు ఏడుగురు. ఒక్కొక్కరికీ డ్రైవరు ఇచ్చిన ఫైలు సైజునూ, సర్వరులో ఉన్న ప్లాను సైజునూ పక్కపక్కన పెట్టి చూడడం మొదలుపెట్టారు. ఆమె చదువుతోంది, ఆయన టిక్కు పెడుతున్నాడు. ఒకటి సరి. రెండు సరి. మూడు, నాలుగు సరి. ఐదో పేరు దగ్గర ఆమె ఆగిపోయింది.

"ఇచ్చింది పంతొమ్మిది వేల రెండొందలు. సర్వరులో ఉన్నది ఇరవై వేల ఆరొందలు."

ఆ పేరు ఒక రిటైరైన టీచరమ్మది. రొమ్ము కాన్సరు, ఎడమవైపు. గుండె పక్కనే. రెండున్నరకు రేడియేషన్ తీసుకుని, టెక్నీషియన్‌కు థాంక్స్ చెప్పి మరీ వెళ్ళింది.

ఫిజిసిస్టు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "ఇంకోసారి చదవండి."

చదివింది. అవే అంకెలు. మిగతా ఇద్దరివీ చూశారు, సరిపోయాయి. ఈవిడదే తేడా. అలాగని ఇంకెవరి ఫైలుతోనూ ఆ సైజు సరిపోవడం లేదు. ఫిజిసిస్టు కాన్సరు డాక్టరుకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. డాక్టరుగారు ఆపరేషన్ థియేటరులో ఉన్నారని నర్సు చెప్పింది. ఇరవై రెండు నిమిషాలు ఆగాల్సి వచ్చింది. ఆ సేపట్లో ఆమె ఆ గది నేల పలకలన్నీ లెక్కపెట్టింది. ఒక్కసారీ లెక్క కుదరలేదు. ఆ టీచరమ్మ వెళ్ళేటప్పుడు గొడుగు మరిచిపోయి వెనక్కి వచ్చి తీసుకున్న సంగతి ఎందుకో పదేపదే కళ్ళముందుకొచ్చింది.

ఫోన్ మోగింది. ఫిజిసిస్టు విని, "ఎన్నింటికి? మూడింటికా? రేపటినుంచా?" అని అడిగి, పెట్టేశాడు.

"టీచరమ్మ ప్లాను డాక్టరుగారు మూడింటికి మార్చారట. రేపటి కోసం. మనం ఇచ్చింది పాత ప్లాను. ఇవాళ్టికి ఇవ్వాల్సింది అదే."

టెక్నీషియన్ వెక్కివెక్కి ఏడ్చింది. ఆమెకు ఏడుపు రాలేదు. గోడకు ఆనుకుని నిలబడింది.

మేనేజరు ఫోన్‌లోనే దారి చూపించాడు. "ఏం కాలేదు కదమ్మా? ఎవరికీ ఏం కాలేదు. నెట్‌వర్కులో తేడా వచ్చింది, అందుకే ఆపాం అని చెప్పండి. కంగారుపడి మన గోతి మనమే తవ్వుకోవద్దు."

"నెట్‌వర్కు బాగానే ఉంది సార్."

"మీకున్న చాదస్తానికి..." అంటూ ఆయన ఏదో అంటుండగానే ఆమె ఫోన్ పెట్టేసింది. ఆసుపత్రిలో ఇలాంటివి రాసే రిజిస్టరు ఒకటుంది. అడిగి తెప్పించుకుంది. ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో తనచేత్తో రెండు పేజీలు రాసి, 'డ్రైవరు డిజైనులో తప్పు. రాసింది నేను' అని సంతకం పెట్టింది.

తోటమాలి బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మొహం మీద తొడుగు గళ్ళు అచ్చుపడి ఉన్నాయి. ఆయన మాట గుసగుసకు మించి రాదు. ఆమె పక్కన కూర్చుని జరిగింది చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"రోజూ ఎడమ చెవివైపు నుంచి వస్తదమ్మా ఆ ఇనుప చేయి. ఇవాళ కుడివైపు నుంచి వచ్చింది. మీరే మార్చారనుకున్నా." మెడ తడుముకుంటూ అడిగాడు. "అరుద్దామంటే నోరు కట్టేసి ఉందాయె. తగిలుంటే ఏమయ్యేది?"

"నడుముకి ఇవ్వాల్సింది మెడకి తగిలేది. చాలా చెడ్డగా అయ్యేది బాబాయి గారూ."

ఆయన తలూపాడు. తిట్టలేదు. పరవాలేదనీ అనలేదు. తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది.

ఇంట్లో భర్తకు చెప్పింది. ఆయన లిఫ్టు మెకానిక్. మాట పొదుపు. అంతా విని, "నీ డ్రైవరుకి ఫలానా ఫైలు ఎవరిదో తెలియకపోతే ఏం చేస్తుంది?" అని అడిగాడు.

"ఉన్నవాటిలోంచి... ఇచ్చేస్తుంది."

"అదే తప్పు. లిఫ్టుకి అనుమానం వస్తే ఆగిపోతుంది. లోపలున్నవాళ్ళు మమ్మల్ని తిట్టిపోస్తారు. తిట్టనీ, బతికుండే కదా తిడతారు."

మర్నాటినుంచి పాత డిస్కును మళ్ళీ తగిలించి పని నడిపించారు. ఆ టకటకల మధ్యే పక్కగదిలో ఆమె డ్రైవరులోని పేర్ల భాగాన్ని పునాదుల నుంచి తిరగరాసింది. పట్టికను డ్రైవరులోంచి తీసి సర్వరులో పెట్టింది. ఒకసారి ఒకరికి ఇచ్చిన పొట్టి పేరు ఇక జన్మలో ఇంకొకరికి పోదు. ఫైలు ఇచ్చేముందు అందులో రాసి ఉన్న ఆసుపత్రి నంబరును సర్వరు పట్టికతో సరిచూస్తుంది. ఏ కొంచెం తేడా ఉన్నా ఫైలు ఇవ్వదు, 'తెలియదు' అంటుంది. ఈసారి పరీక్షకు ఫైళ్ళు ఆమె ఎంచుకోలేదు. ఫిజిసిస్టు కూర్చుని, మొదటి ఆరు అక్షరాలూ ఒకటే అయిన పేర్లు ఐదేసి చొప్పున వంద జట్లు, మొత్తం ఐదువందలు పుట్టించాడు. ఒక్కోదాన్నీ వందసార్లు తెరిచి చూడాలన్నాడు.

గురువారం తొమ్మిదింటికి, పరీక్ష సగంలో ఉండగా, టకటక ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం విని ఆమె, ఫిజిసిస్టు, టెక్నీషియన్ ముగ్గురూ ఒకేసారి తలెత్తారు. డిస్కు పోయింది.

పదింటికల్లా వరండా నిండిపోయింది. చక్రాల కుర్చీల్లో, స్ట్రెచర్ల మీద, గోడలకు ఆనుకుని జనం. ఒకావిడ తెల్లవారుజామునే బయలుదేరి రెండు బస్సులు మారి వచ్చిందట, అద్దం తలుపు మీద అదేపనిగా కొడుతోంది. మేనేజరు స్వయంగా వచ్చాడు. "సగం పరీక్ష అయింది కదా, ఒక్క తప్పూ రాలేదు కదా, పెట్టేయండి. బయట చూశారా?"

ఫిజిసిస్టు ఆమె వైపు తిరిగాడు. "ఒక్కరోజు ఆగితే వీళ్ళకి కొంత నష్టమే. కాదనను. కానీ మీరు చెప్పండి. పెట్టమంటారా?"

పోయినసారి కూడా ఒక్క తప్పూ రాలేదు. ఆ మాట పైకి అనలేదామె. "ఇంకో నాలుగు గంటలు సార్. పూర్తయ్యాక పెడదాం."

"నాలుగు గంటలా!" మేనేజరు తల పట్టుకున్నాడు. "మీ మీద నాకు నమ్మకముందమ్మా."

"నాకు లేదు సార్, అందుకే" అందామె.

ఫిజిసిస్టు వరండాలోకి వెళ్ళి తానే చెప్పాడు. ఎవరో గట్టిగా అరిచారు. ఎవరో ఏడ్చారు. ఎవరూ కదల్లేదు. లోపల తెరమీద అంకె నెమ్మదిగా పెరుగుతోంది. ముప్పై వేలు. ముప్పై ఐదు వేలు. పన్నెండుంబావుకు లెక్క ఆగిపోయింది. 'తెలియదు' అని పడింది. తెరిచి చూస్తే తప్పు డ్రైవరుది కాదు. ఫిజిసిస్టు పొరపాటున రెండు నమూనా ఫైళ్ళలో ఒకే నంబరు వేశాడు. ఆయన మొహం ఎర్రబడింది. వారంలో మొదటిసారి ఆమెకు నవ్వొచ్చింది గాని ఆపుకుంది. నంబరు దిద్ది, ఆగినచోటునుంచి నడిపించారు.

ఒంటిగంట యాభైకి యాభై వేలూ పూర్తయ్యాయి. తప్పులు సున్న. అయినా ఫిజిసిస్టు ఒక షరతు పెట్టాడు. వారంపాటు ప్రతి రోగి ప్లానూ అచ్చు తీసి, యంత్రంలోకి ఎక్కిన అంకెలతో ఇద్దరు మనుషులు సరిచూశాకే మీట నొక్కాలి. ఆమె ఆ ఇద్దరిలో ఒకరై నిలబడింది. ఆ రోజు చివరి రోగి బయటికి వెళ్ళేసరికి కాళ్ళు వాచిపోయాయి.

తర్వాతి నెలలో మేనేజరు ఆమెను ఆ పనినుంచి తప్పించి, ఎవరూ కోరుకోని మరో మూల పనిలో వేశాడు. రిజిస్టరులో రాసినందుకని ఎవరూ అనలేదు గాని, అది అందరికీ తెలుసు. ఆసుపత్రి మాత్రం నెలకోసారి డ్రైవరును చూసి వెళ్ళడానికి ఆమే కావాలని పట్టుబట్టింది. కొత్త యంత్రం వచ్చేదాకా, అంటే పంతొమ్మిది నెలలు, ఆమె వెళ్ళింది. ఈలోపు డ్రైవరు ఆరుసార్లు 'తెలియదు' అని మొండికేసింది. ఆరుసార్లూ టెక్నీషియన్ దాన్ని నోరారా తిట్టింది. ఆరుసార్లూ పైన ఎక్కడో ఎవరో ఒకరి నంబరు ఇంకొకరికి వేసిన సంగతి బయటపడింది.

అలా వెళ్ళిన ఒకరోజు గేటు దగ్గర ఎవరో కాపలావాడితో సైకిలు ఎక్కడ పెట్టాలన్న దానిమీద పోట్లాడుతున్నారు. బొంగురు గొంతు, వీధి చివరిదాకా వినిపిస్తోంది. ఆమె పక్కనుంచి దాటిపోబోయి ఆగింది. ఆ గొంతు ఆమె ఎన్నడూ వినలేదు. మనిషిని మాత్రం గుర్తుపట్టింది. తోటమాలి కూడా ఆమెను చూశాడు. పోట్లాట మధ్యలోనే చేయి ఎత్తి, ఉండమ్మా, వీడి సంగతి చూసి వస్తా అన్నట్టు సైగ చేసి, మళ్ళీ కాపలావాడి మీదికి తిరిగాడు.

ఆమె నీడలో నిలబడి, ఆయన వచ్చేదాకా ఆగింది.